ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్

మీ ఇంటి పక్క షెడ్డులో ఏపీ 5 నంబరు పలకతో పాత పెట్రోల్ అంబాసిడర్ ఒకటుంది. నాన్నగారు ముచ్చటపడి కొన్నదో, మీరే బేరమాడి తెచ్చుకున్నదో. అమ్మబుద్ధి కాదు. నడుపుదామంటే అది నడవనివ్వదు. పొద్దున్నే ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా అందుకోదు. అందుకున్నాక కాసేపు దగ్గుతుంది. రావులపాలెం వంతెన ఎక్కించేసరికి ఇంజన్‌లోంచి టకటకమని చప్పుడు. మీ బాధ ఇదేనా?

అయితే ఇప్పటిదాకా మీరు చేసిన వైద్యం కూడా చెప్పగలను. బండిని షెడ్డుకి పంపి, "ప్లగ్గులు మార్చేయండి, పాయింట్లు మార్చేయండి, పనిలో పని కాయిల్ కూడా మార్చేయండి" అన్నారు. అన్నీ మారాయి. రోగం అలాగే ఉంది. ఒకవేళ తగ్గినా దేనివల్ల తగ్గిందో మీకూ తెలియదు, మెకానిక్‌కీ తెలియదు. మళ్లీ వస్తే మళ్లీ అన్నీ మార్చాలి.

ఈ అధ్యాయంలో మీరు పట్టుకోవాల్సిన మాట ఒక్కటే. ఇగ్నిషన్ పనికి గొప్ప నేర్పేమీ అక్కర్లేదు, వరుస తప్పకపోతే చాలు. ముందు తీగలు, తర్వాత ఫైరింగ్ ఆర్డరు, ఆ తర్వాత గ్యాప్, ఆపైన టైమింగ్, చివరికి రోడ్డు. ఒక్కొక్కటే సరిచేయండి. సరిచేసినదాన్ని పరీక్షించాకే తర్వాతదాని మీద చెయ్యి వేయండి.

మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలు

మీ బండిలో ఉన్నది ఏ ఇంజన్? 1950ల చివర్లో మొదలై 2014 మేలో ఆగిపోయే దాకా ఉత్తరపారా ఫ్యాక్టరీ రకరకాల అంబాసిడర్లను తయారుచేసింది. డీజిల్ బండి అయితే దానికి స్పార్కే ఉండదు, ఈ అధ్యాయంతో మీకు పనిలేదు. 1800 ఐఎస్‌జెడ్ అయితే అందులో ఉన్నది ఇసుజు ఇంజన్, దాని అంకెలు వేరు. ఇక్కడ నేను చెప్పేవి 1489 సీసీ బీఎంసీ పెట్రోల్ ఇంజన్‌కి, దాని మీదుండే లూకాస్ రకం డిస్ట్రిబ్యూటర్‌కి సరిపోతాయి. మీది ప్రీమియర్ పద్మిని అయినా పద్ధతి ఇదే, అంకెలు మాత్రం దాని హ్యాండ్‌బుక్‌లోంచి తీసుకోండి.

సామాను సిద్ధంగా ఉందా? ఒక ఫీలర్ గేజ్, ప్లగ్ స్పానర్, స్క్రూడ్రైవర్, సుద్దముక్క, పొడి గుడ్డ, ఇంజన్ తిప్పే హ్యాండిల్. వీటితోపాటు 12 వోల్టుల చిన్న బల్బుకి రెండు తీగలు అతికించి పెట్టుకోండి. ఈ పని మొత్తంలో మీకు నిజం చెప్పేది ఆ బల్బే.

ఒంటి మీద ఏముంది? లుంగీ, భుజం మీద కండువా అయితే ముందు మార్చుకు రండి. తిరుగుతున్న ఫ్యాన్‌కి కండువా అందితే క్షణం పట్టదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగండి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ వేసి బిగించకూడదు. టైమింగ్ తప్పిన ఇంజన్ వెనక్కి తన్నితే విరిగేది ఆ వేలే.

మొదటి మెట్టు: తీగలు

1. ఏదీ పీకకముందే ఫోన్‌తో ఫోటో తీయండి. ప్లగ్ తీగలకు టేపు చుట్టి 1, 2, 3, 4 అని రాయండి. రేడియేటర్ వైపున్నది ఒకటో సిలిండర్. "నాకు గుర్తుంటుందిలే" అనుకున్నవాళ్లే సాయంత్రం దాకా బానెట్ కింద తల దూర్చి ఉంటారు.

2. బ్యాటరీలో ఏ టెర్మినల్ బాడీకి కలిపి ఉందో చూడండి. పాతకాలపు బండ్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్, తర్వాతి వాటికి నెగెటివ్ ఎర్త్. కాయిల్‌ని దానికి తగ్గట్టే కలపాలి. నెగెటివ్ ఎర్త్ బండిలో కాయిల్ ప్లస్‌కి స్విచ్ నుంచి వచ్చే తీగ, మైనస్‌కి డిస్ట్రిబ్యూటర్ తీగ. పాత లూకాస్ కాయిళ్ల మీద ప్లస్, మైనస్ బదులు ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటుంది. మొదటిది స్విచ్ వైపు, రెండోది పాయింట్ల వైపు. తారుమారైతే ఏమవుతుంది? బండి నడుస్తుంది! అదే చిక్కు. స్పార్క్ బలహీనంగా వస్తుంది, తప్పు మాత్రం కంటపడదు.

3. కరెంటు నడిచే దారిని బల్బుతో పరీక్షించండి. బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ స్విచ్‌కి, అక్కణ్నుంచి కాయిల్‌కి, కాయిల్ నుంచి పాయింట్లకి, పాయింట్ల నుంచి ఎర్త్‌కి. ఇది సన్న తీగల దారి. బల్బు తీగ ఒకటి ఎర్త్‌కి, రెండోది కాయిల్‌కి స్విచ్ వైపున్న టెర్మినల్‌కి పెట్టి తాళం తిప్పండి. వెలగలేదా? లోపం స్విచ్ వైపుంది, డిస్ట్రిబ్యూటర్ జోలికి పోవద్దు. వెలిగిందా? ఇప్పుడు బల్బుని పాయింట్ల వైపు టెర్మినల్‌కి మార్చి, ఇంజన్‌ని హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి. బల్బు వెలుగుతూ ఆరుతూ ఉండాలి. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా కలిసినా మురికి అడ్డుపడుతోంది. అసలే వెలగకపోతే పాయింట్లు విడివడడం లేదు, లేదా ఆ తీగ ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా కాయిల్ లోపల తెగింది. కొత్త సామాను ఒక్కటీ కొనకుండానే లోపం ఎటువైపుందో తెలిసింది కదా?

4. ఇంజన్‌కీ బాడీకీ మధ్యనుండే అల్లిక తీగని మరచిపోకండి. ఇంజన్ కూర్చునేది రబ్బరు దిమ్మల మీద. ఆ ఎర్త్ తీగ తెగితే కరెంటు చోక్ కేబుల్‌నో, యాక్సిలరేటర్ కేబుల్‌నో దారి చేసుకుంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఈ తీగ కొసలకి పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. విప్పి, గీకి, మెరిసేదాకా తుడిచి బిగించండి. సగం రోగాలు ఇక్కడే కుదురుతాయి.

రెండో మెట్టు: ఫైరింగ్ ఆర్డరు

5. ఈ ఇంజన్ సిలిండర్లు మండే వరుస 1-3-4-2. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, ఇంజన్ తిప్పిస్తూ రోటర్ ఎటు తిరుగుతోందో మీ కళ్లతో చూడండి. పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. ఒకటో తీగ ఎక్కడుందో పట్టుకుని, రోటర్ తిరిగే వైపే 3, 4, 2 తీగలు పెట్టుకుంటూ వెళ్లండి. చాలామంది వరుస సరిగ్గా చదివి, దాన్ని ఎదురు దిక్కులో పెడతారు. అప్పుడు ఒకటీ నాలుగూ వాటి చోట్లోనే ఉంటాయి, రెండూ మూడూ తారుమారవుతాయి. బండి వణుకుతుంది, సైలెన్సర్‌లో పేలుతుంది. పాపం, తిట్లు కార్బురేటర్‌కి పడతాయి.

6. క్యాప్ లోపల వెలుతురులో చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత కనిపిస్తే స్పార్క్ ప్లగ్గుకి వెళ్లకుండా అక్కడే పారుతోందన్నమాట. తుడిస్తే పోదు, క్యాప్ మార్చాల్సిందే. మధ్యలో ఉండే కార్బన్ ముక్క స్ప్రింగు మీద ఆడుతోందో లేదో వేలితో నొక్కి చూడండి.

మూడో మెట్టు: గ్యాప్

అసలు కిటుకు ఇక్కడుంది. ఇంజన్ నిమిషానికి 3 వేల చుట్లు తిరుగుతుంటే పాయింట్లు నిమిషానికి 6 వేల సార్లు, అంటే సెకనుకి 100 సార్లు విడివడి కలుస్తాయి. విడివడిన ప్రతిసారీ కాయిల్‌లోంచి ఒక స్పార్క్. ఆ విడివడే క్షణాన్నే మనం టైమింగ్ అంటున్నాం. మరి గ్యాప్ మారితే విడివడే క్షణం మారదా? మారుతుంది. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా విడివడతాయి, టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది. తగ్గితే ఆలస్యంగా విడివడతాయి, రిటార్డ్ అవుతుంది. అందుకే టైమింగ్ పెట్టాక గ్యాప్ సవరించారంటే పెట్టిన టైమింగ్ పోయినట్టే.

7. పాయింట్ల ఫైబర్ మడమ క్యామ్ మీది ఎత్తుకి సరిగ్గా ఎక్కేదాకా ఇంజన్ తిప్పండి. అప్పుడే గ్యాప్ గరిష్ఠంగా ఉంటుంది, కొలవాల్సింది అప్పుడే. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. షెడ్డు లెక్కలో 14 నుంచి 16 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు. ఫీలర్ గేజ్ రేకు దూరి, లాగితే కాస్త పట్టినట్టుండాలి. జారిపోతే ఎక్కువ, తోయాల్సి వస్తే తక్కువ. స్క్రూ బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులో కదిలిపోవడం మామూలే.

8. కొత్త పాయింట్లు వేస్తే ముందు వాటి ముఖాలు శుభ్రంగా తుడవండి. తుప్పు పట్టకుండా కంపెనీవాళ్లు పూసిన జిడ్డు వాటి మీద ఉంటుంది. క్యామ్‌కి గ్రీజు పూత పూస్తే చాలు, ఎక్కువైతే చిమ్మి పాయింట్ల మీదే పడుతుంది. ప్లగ్గుల గ్యాప్ కూడా ఇప్పుడే చూసేయండి. 25 థౌ, అంటే సుమారు 0.6 మిల్లీమీటర్లు.

పాత పాయింట్ల మీద ఒకవైపు గుంత, ఎదురుగా బొడిపె బాగా లేచి ఉంటే? ఎమరీ పేపరుతో రుద్ది సరిపెట్టకండి. కండెన్సర్ మీద అనుమానపడండి. పాయింట్లు మళ్లీ మళ్లీ మాడిపోతుంటే కాయిల్‌ని కూడా చూడండి. బలాస్ట్ రెసిస్టర్‌తో వాడాల్సిన కాయిల్‌ని నేరుగా 12 వోల్టులకి కలిపినా ఇలాగే మాడతాయి.

నాలుగో మెట్టు: టైమింగ్

పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం మండడానికి కాస్త సమయం పడుతుంది. అందుకే పిస్టన్ పైకి చేరడానికి కొన్ని డిగ్రీల ముందే స్పార్క్ పడాలి. సిద్ధాంతం ఇంతే, ఇక పనిలోకి రండి.

9. ఒకటో ప్లగ్ విప్పి, ఆ కన్నం మీద బొటనవేలు పెట్టి, ఇంకొకరిని హ్యాండిల్ తిప్పమనండి. గాలి మీ వేలిని పైకి తోసిందంటే అది కంప్రెషన్ స్ట్రోక్. ఇప్పుడు కింద క్రాంక్ పుల్లీ మీద ఉన్న చిన్న గాడికి సుద్ద పూయండి. టైమింగ్ కవర్ మీద ముళ్లలాంటి గుర్తులుంటాయి. వాటిలో అన్నిటికంటే పొడుగుది టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు. మిగతావి దానికి ముందు డిగ్రీలు. హ్యాండ్‌బుక్‌లో మీ ఇంజన్‌కి చెప్పిన డిగ్రీ దగ్గరికి గాడిని తీసుకురండి. దాటిపోతే వెనక్కి లాగి అక్కడే ఆపకండి. బాగా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకే తిప్పుతూ చేరండి, లేకపోతే చెయిన్ వదులు లెక్కలోకి వచ్చేస్తుంది.

10. ఇప్పుడు రోటర్ చూడండి. క్యాప్‌లో ఒకటో తీగ ఉండే వైపు చూస్తోందా? మంచిది. సరిగ్గా ఎదురు వైపు చూస్తోందా? అయితే మీరున్నది నాలుగో సిలిండర్ వంతు దగ్గర. ఇంజన్‌ని ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. దీన్ని చూసుకోకుండా డిస్ట్రిబ్యూటర్‌నే పీకి తిప్పి పెట్టేవాళ్లున్నారు. ఆ తొందర వద్దు.

11. బల్బు తీగ ఒకటి కాయిల్‌కి పాయింట్ల వైపు టెర్మినల్‌కి, ఇంకొకటి ఎర్త్‌కి పెట్టండి. తాళం ఆన్ చేయండి. డిస్ట్రిబ్యూటర్ క్లాంప్ కొద్దిగా వదులు చేసి, రోటర్ తిరిగే వైపే బాడీని తిప్పితే ఒకచోట బల్బు ఆరుతుంది. పాయింట్లు కలిశాయన్నమాట. అక్కణ్నుంచి వెంట్రుకవాసి చొప్పున ఎదురు వైపు తిప్పుతూ రండి. బల్బు వెలిగిన క్షణం చెయ్యి ఆపండి. క్లాంప్ బిగించండి, తాళం ఆఫ్ చేయండి. అయిపోయింది! బిగించాక హ్యాండిల్‌ని రెండు చుట్లు తిప్పి, గాడి గుర్తు దగ్గరికి వచ్చినప్పుడే బల్బు వెలుగుతోందో లేదో ఇంకోసారి చూసుకోండి.

ఐదో మెట్టు: రోడ్డు

12. హ్యాండ్‌బుక్ అంకె ఆనాటి పెట్రోల్‌కి రాసింది. ఇప్పుడు మన బంకుల్లో పోస్తున్నది ఇథనాల్ కలిసిన పెట్రోల్. కాబట్టి ఆ అంకెతో మొదలుపెట్టండి, చివరి మాట రోడ్డుకి వదలండి. బయల్దేరేముందు పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కి మెత్తబడి కారుతున్నాయేమో తడిమి చూడండి. స్పార్క్ ఉన్నచోట పెట్రోల్ చుక్క ఉండకూడదు.

ఇంజన్ బాగా వేడెక్కాక, ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద, టాప్ గేరులో గంటకి 40 కిలోమీటర్ల దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. సన్నగా టకటకమనే నాకింగ్ వినిపించి, వేగం అందుకోగానే మాయమైతే మీరు సరైన అంచు మీద ఉన్నారు. చప్పుడు ఆగకుండా వస్తే అడ్వాన్స్ ఎక్కువైంది. చప్పుడే లేకుండా బండి బద్ధకంగా లాగుతూ రేడియేటర్ త్వరగా వేడెక్కుతుంటే రిటార్డ్ అయింది. చాలా లూకాస్ డిస్ట్రిబ్యూటర్లకి పక్కన గరుకు అంచున్న చిన్న నట్టు, ఏ, ఆర్ అనే అక్షరాలు ఉంటాయి. ఏ వైపు అడ్వాన్స్, ఆర్ వైపు రిటార్డ్. కొద్దికొద్దిగా తిప్పి మళ్లీ నడిపి చూడండి.

కోనసీమలో కొండలు లేవు కదా, ఎక్కుడు పరీక్ష ఎలాగంటారా? వంతెనలు ఉన్నాయి కదండీ. బోడసకుర్రు వంతెనో, ఎదుర్లంక వంతెనో, నలుగురిని ఎక్కించుకుని ఎక్కించండి. నాకింగ్ లేకుండా ఎక్కిందంటే మీ పని ముగిసింది.

రోగం వచ్చిన తీరు చూడండి

బండి మొరాయించగానే డిస్ట్రిబ్యూటర్ తిప్పాలనిపిస్తుంది. తిప్పకండి. ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ లోపం ఒక్కసారిగా వచ్చిందా, మెల్లమెల్లగా వచ్చిందా?

జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగి, లంక రోడ్ల మీద నీళ్లు నిలిచాయనుకోండి. ఆ నీళ్లలోంచి వెళ్తుంటే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పొద్దున అమలాపురంలో బాగానే ఉంది. మరి ఇంతలో టైమింగ్ మారిపోతుందా? క్లాంప్ వదులు కాకపోతే మారదు. ఫ్యాన్ చిమ్మిన నీళ్లు క్యాప్ మీద, తీగల మీద పడ్డాయి. తాళం ఆఫ్ చేసి, క్యాప్ విప్పి, లోపలా బయటా పొడిగుడ్డతో తుడవండి, తీగలు కూడా తుడవండి. అదే మందు.

ఇంకో సంగతి. సఖినేటిపల్లి రేవులో బండిని పంటు ఎక్కించారు. ఇంజన్ ఆపారు గానీ తాళం ఆన్‌లోనే ఉంది. నర్సాపురం గట్టు చేరేదాకా కబుర్లలో పడ్డారు. పాయింట్లు కలిసి ఉన్నచోట ఆగితే అంతసేపూ కాయిల్‌లోంచి కరెంటు పారుతూనే ఉంటుంది. కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, బ్యాటరీ దిగుతుంది. అవతల బండి అందుకోదు, వెనక హారన్లు. కంగారులో డిస్ట్రిబ్యూటర్ తిప్పారా, ఉన్న ఒక్క లోపం రెండవుతుంది. కాయిల్‌ని చల్లారనివ్వండి, నలుగురి సాయంతో తోయించండి.

మరి మెల్లగా వచ్చిన లోపం? నెలల తరబడి లాగుడు తగ్గుతూ, వేడి పెరుగుతూ వస్తుంటే అప్పుడు గ్యాప్ చూడండి. ఫైబర్ మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ తనంతట తానే వెనకబడుతుంది. అందుకే సుమారు 5 వేల కిలోమీటర్లకోసారి గ్యాప్ కొలవాలి.

మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు

ఇవన్నీ మీరే చేయాలని లేదు. కానీ తెలిసి అడిగితే పని తీరే వేరు.

"టైమింగ్ పెట్టేశానండి, ఇక చూసుకోనక్కర్లేదు."

"ఆయ్, బాగుందండి. పాయింట్ల గ్యాప్ ఎంత పెట్టారండి?"

"గ్యాపా? దాన్ని ఇప్పుడు చూస్తానండి."

"అయితే గ్యాప్ చూశాక టైమింగ్ ఇంకోసారి చూడాలి కదండీ?"

గొడవ లేదు, ఎగతాళి లేదు. అనుభవమున్న మెకానిక్ అయితే మీ ప్రశ్నకి సంతోషిస్తాడు. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ అటూ ఇటూ ఆడుతోందా, లోపలి అడ్వాన్స్ బరువులు తుప్పుపట్టి బిగుసుకున్నాయా, వాక్యూమ్ పైపుని నోటితో పీలిస్తే లోపలి ప్లేటు కదులుతోందా అన్నవి ఆయన చేత చూపించుకోండి. షాఫ్ట్ ఆడుతుంటే మీరు ఎంత జాగ్రత్తగా గ్యాప్ పెట్టినా నిలవదు.

ఈ ఆదివారం మొత్తం పని నెత్తికెత్తుకోకండి. మొదటి మెట్టు ఒక్కటే చేయండి: ఫోటో తీసి, చిలుము గీకి, బల్బుతో కరెంటు దారి చూడండి. చేసిన పని, తేదీ, కిలోమీటర్లు ఒక చిన్న పుస్తకంలో రాసి డాష్‌బోర్డులో పెట్టండి. బండి అక్కడితోనే బాగుపడిందా? ఇక దేన్నీ ముట్టుకోకండి. బాగుపడలేదా? వచ్చే ఆదివారం రెండో మెట్టు.